మేడ మీది మెస్: నల్లగొండలో ఒక వడ్డన, దాని వెనుక ఒక మాట

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ నుంచి పది నిమిషాలు నడిస్తే చేరుకోగల ఒక సందులో, కింద ఎరువుల దుకాణం, పైన వంటిల్లు ఉన్న ఒక పాత మేడ ఉంది. మేడకు బయటి వైపు ఇనుప మెట్లు, మెట్ల మొదట్లో ఒక రేకు బోర్డు, ఆ బోర్డు నిండా ఎర్ర రంగుతో ‘మెస్’ అన్న ఒక్క మాట కనిపిస్తాయి. దాని ముందు యజమాని పేరు లేదు, ఇలవేల్పు పేరు లేదు, పిల్లల పేరూ లేదు. ఎందుకు లేదని ఒకసారి అడిగితే, గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దమనిషి, ‘‘పేయింటర్ అక్షరాలు మస్తు పెద్దగ రాసిండు సార్, పేరుకు జాగ మిగల్లేదు’’ అన్నాడు. అందుకే చుట్టుపక్కల వాళ్ళు దానిని మేడ మీది మెస్ అంటారు. నేనూ అలాగే అంటాను.

జూనియర్ కళాశాలలో ఇంగ్లిషు బోధించే ఉద్యోగం మీద కిందటి జూన్‌లో ఈ ఊరికి బదిలీ అయి వచ్చాను. కుటుంబం హైదరాబాదులోనే ఉండిపోయినందువల్ల ఎనిమిది నెలలుగా వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు ఏడు రోజులూ, రెండు పూటలా ఇక్కడే తింటున్నాను. ఒక్క రోజు తిని పోయే వాడికి ఆ రోజు వంట మాత్రమే తెలుస్తుంది. నెల టోకెన్లు కొన్నవాడికి ఉప్పెక్కువైన రోజూ తెలుస్తుంది, వంటమనిషి చుట్టాల పెళ్ళికి పోయిన రోజూ తెలుస్తుంది. కాబట్టి ఇక్కడ రాసేది ఆ రెండు రకాల రోజులనూ కలుపుకొని చెప్పే మాట.

ముందుగా భోజనం సంగతి. మధ్యాహ్నం స్టీలు పళ్ళెంలో అన్నం, ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు కూర, చారు, తొక్కు, పెరుగు పెడతారు. అప్పడం ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు అడిగినా ఉండదు. బియ్యం మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే సన్న బియ్యం. మరీ కొత్తవి కావు, అన్నం ముద్ద కట్టదు. పప్పు ప్రతిరోజూ మారుతుంది. పాలకూర పప్పు మామూలుగా ఉంటుంది, మామిడికాయ కాలంలో పెట్టే పప్పు బాగుంటుంది, గోంగూర పప్పు మాత్రం ఇంటి పప్పుకు ఏమాత్రం తీసిపోదు. వేపుళ్ళలో నూనె ఎక్కువ. బెండకాయ వేపుడు పెట్టిన రోజున పళ్ళెం వంచితే నూనె ఒక పక్కకు చేరడం కళ్ళారా చూశాను. తొక్కుల్లో టమాట తొక్కు ప్రతివారం రుచి మారుతుంది గనుక దాని గురించి ఏమీ హామీ ఇవ్వలేను.

ఈ మెస్‌కు ఎవరినైనా పిలుచుకొని రావలసి వస్తే మంగళవారం లేదా శుక్రవారం పిలుస్తాను, ఎందుకంటే ఆ రెండు రోజులే పచ్చి పులుసు చేస్తారు. చింతపండు రసాన్ని పొయ్యి మీద పెట్టకుండా, నిప్పు మీద కాల్చిన పచ్చిమిరపకాయలను ఉప్పుతో నలిపి అందులో కలిపి, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి వేసి, చివర చిన్న పోపు పెట్టే ఈ పులుసు మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. కానీ హోటళ్ళలో మిరపకాయలు కాల్చే ఓపిక లేక ఎండు కారం చల్లేస్తారు. ఇక్కడ కాలుస్తారు. వంటింటి కిటికీలోంచి వచ్చే ఆ ఘాటుకు మెట్ల మీదే దగ్గు వస్తుంది, మొదటి అంతస్తు చేరేసరికి ఆకలి వస్తుంది.

అలాంటి ఒక శుక్రవారం నాడు ఈ సమీక్షకు బీజం పడింది. గ్రంథాలయంలో రోజంతా కూర్చొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు చాలామంది ఇక్కడికే భోజనానికి వస్తారు. వాళ్ళలో ఒకడు మోడల్ పేపర్ పళ్ళెం పక్కన పెట్టుకొని తింటూ, ‘‘సార్, మెస్ అన్న మాటకు సమానార్థకం అడిగిండు. గలీజు, గందరగోళం అని ఇచ్చిండు జవాబు. మరి మనం తినేదాన్ని మెస్ అని ఎందుకంటరు సార్?’’ అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపలే, అన్నం గిన్నెతో అటుగా వచ్చిన యజమానురాలు ఆ మాట విన్నది. ‘‘గలీజా? మా మెస్‌ల నీకు గలీజు యాడ కనవడ్డది బిడ్డా?’’ అని ఆమె అడిగిన తీరుకు ఆ అబ్బాయి మోడల్ పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తప్పు ఆ అబ్బాయిదీ కాదు, ఆమెదీ కాదు. ఆ మాటకు ఏడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఆమె కోపానికే న్యాయం ఎక్కువ ఉందని తేలుతుంది.

మెస్ అనే ఇంగ్లిషు మాటకు మూలం లాటిన్‌లోని ‘మిత్తెరె’ అనే క్రియ. తొలుత దాని అర్థం పంపడం, వదలడం. తరువాతి కాలపు లాటిన్‌లో అదే క్రియకు పెట్టడం, ఉంచడం అనే అర్థం వచ్చింది. బల్ల మీద పెట్టిన వంటకాన్ని ‘మిస్సుస్’ అన్నారు. పాత ఫ్రెంచిలో అది ‘మెస్’ అయింది, అక్కడి నుంచి సుమారు 1300 నాటికి ఇంగ్లిషులోకి వచ్చింది. అప్పటికి దాని అర్థం ఒక వంటకం, ఒకరికి సరిపడా వడ్డించిన తిండి, అంతే. ఇందులో మురికి లేదు, గందరగోళం లేదు. అక్షరాలా తెలుగులోకి తెస్తే మెస్ అంటే ‘పెట్టినది’. మనం కూడా వడ్డనకు వాడే క్రియ అదే కదా. అమ్మ అన్నం పెట్టింది అంటాం, అన్నం పెట్టిన చెయ్యి అంటాం. తమ భోజనశాలకు పెట్టుకోదగిన పేర్లలో ఇంతకంటే సూటిగా ఉండే పేరు మరొకటి లేదని ఆమెతో చెప్పాను. ‘‘గట్ల చెప్పుండ్రి సార్’’ అని నా పళ్ళెంలో అడగకుండానే ఇంకొక గరిటె అన్నం పెట్టింది.

ఫ్రెంచివాళ్ళు ఈ మాటను ఇప్పటికీ వంటకం అనే అర్థంలోనే వాడుతున్నారు. కాకపోతే పెట్టడం అనే తమ క్రియతో సంబంధం కంటికి కనిపించాలని తరువాతి కాలంలో దాని చివర పలకని ఒక ‘ట’కారాన్ని రాతలో చేర్చుకున్నారు. తమాషా ఏమంటే, సైన్యాధికారుల భోజనశాలను చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఫ్రెంచివాళ్ళే ‘మెస్’ అనే మాటను ఇంగ్లిషు నుంచి తిరిగి అరువు తెచ్చుకున్నారు. తమ ఇంటి నుంచి పోయిన గిన్నెనే పక్కింటి నుంచి బదులు తెచ్చుకున్నట్లు అయింది.

ఆ రోజు అదే బల్ల దగ్గర కూర్చున్న మరొక విద్యార్థి బైబిలు బాగా చదివిన వాడు. ఆకలికి తాళలేక ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని తమ్ముడైన యాకోబుకు ఒక పూట వంటకానికి అమ్ముకున్న కథను ఇంగ్లిషులో చెప్పేటప్పుడు ‘మెస్’ అనే మాట వస్తుందని, అక్కడ గలీజు అనే అర్థం ఎలా కుదురుతుందని తనకు ఎప్పటి నుంచో సందేహమని చెప్పాడు. కుదరదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఆ పాత అర్థమే. తెలుగు బైబిలులో ఆ వంటకం చిక్కుడుకాయలది. మా పళ్ళెంలో కూడా ఆ రోజు చిక్కుడుకాయ కూరే ఉంది. దానికి జ్యేష్ఠత్వం ఇవ్వవచ్చునా అంటే, ఉప్పు కాస్త తక్కువగా ఉంది గనుక ఇవ్వనక్కరలేదని అందరం ఒప్పుకున్నాం.

ఈ మెస్‌లో బల్లలన్నీ నలుగురికి సరిపడేవి. ఒంటరిగా వచ్చినవాడు ఒక బల్లను ఆక్రమించుకోవడానికి వీలు లేదు. ముగ్గురు కూర్చున్న బల్ల కనబడితే గల్లాపెట్టె దగ్గరి నుంచే పెద్దమనిషి, ‘‘సార్, ఆడ నాలుగో కుర్చీ ఖాళీ ఉంది’’ అని చెయ్యి చూపిస్తాడు. మొదట్లో నాకు ఇది చికాకుగా ఉండేది. అపరిచితుల మధ్య కూర్చొని పెరుగన్నం జుర్రుకోవడం కొంత మొహమాటమైన పని. అయితే ఆయనకు తెలియకుండానే ఆయన మెస్ అనే మాటకు ఉన్న రెండో అర్థాన్ని అమలు చేస్తున్నాడు. మధ్యయుగపు ఇంగ్లాండులో పెద్ద విందుల్లో ఒక్కొక్క పళ్ళాన్ని కొందరికి కలిపి పెట్టేవారు, సాధారణంగా ఆ కొందరు నలుగురు. పదిహేనో శతాబ్దం నాటికి వంటకాన్ని చెప్పే మాట, ఆ వంటకాన్ని పంచుకొని తినే బృందాన్ని చెప్పే మాటగా మారింది. నలుగురి జట్టునే మెస్ అన్నారు. లండన్‌లో న్యాయవాదులను తయారు చేసే ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే పాత సంస్థల్లో ఇప్పటికీ విందుకు నలుగురేసి కూర్చుంటారు, ఆ నలుగురి గుంపు పేరు మెస్.

ఆ సంస్థల్లో ఒకటైన ఇన్నర్ టెంపుల్‌లోనే గాంధీ న్యాయశాస్త్రం చదివాడు. 1888లో లండన్ వెళ్ళి, 1891 జూన్‌లో బారిస్టరు అయ్యాడు. పరీక్షలతో పాటు అక్కడి విందులకు నిర్ణీత సంఖ్యలో హాజరు కావడం కూడా చదువులో భాగమే. నలుగురు కూర్చున్న ఒక్కొక్క జట్టుకు రెండు సీసాల వైన్ ఇచ్చేవారనీ, తాను తాగడు కాబట్టి తనను నాలుగోవాడిగా కలుపుకోవడానికి అందరూ పోటీ పడేవారనీ, అలా చేస్తే మిగిలిన ముగ్గురికే ఆ రెండు సీసాలు దక్కేవనీ ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. మా మెస్‌లో వైన్ లేదు గానీ, పెరుగు తినని ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. ఆయన పక్క కుర్చీకి ఉన్న గిరాకీ చూసినప్పుడల్లా నాకు గాంధీ గుర్తుకు వస్తాడు. మన భాషలోనూ నలుగురు అంటే లెక్క కాదు, లోకం. నలుగురిలో తల ఎత్తుకోవడం, నలుగురికీ తెలియడం వంటి మాటల్లో ఉన్న నలుగురే ఇక్కడ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు.

నలుగురి జట్టు అనే ఈ అర్థం నుంచే ఓడల్లోనూ, సైన్యంలోనూ కలిసి తినే బృందాలకు, ఆ తరువాత వాళ్ళు తినే చోటుకు మెస్ అనే పేరు వచ్చింది. మన దేశానికి ఆ మాటను తెచ్చింది ఆ సైన్యాల కంటోన్మెంట్లే. ఇక్కడికి వచ్చాక ఒక్కొక్క ప్రాంతం దానిని ఒక్కొక్క విధంగా వాడుకుంది. కలకత్తాలో మెస్ అంటే ఊరు విడిచి వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు కలిసి అద్దెకు ఉండే ఇల్లు. అక్కడ పడక ముఖ్యం, తిండి దానికి తోడు. తమిళనాట, కేరళలో వీధిలో ఉన్న మామూలు భోజనశాలకు కూడా ఆ పేరు పెట్టుకున్నారు. మన దగ్గర ప్రభుత్వ హాస్టళ్ళ మెస్ ఛార్జీలు, విశ్వవిద్యాలయాల మెస్ బిల్లులు అనే మాటలు పత్రికల్లో నిత్యం కనిపిస్తాయి. అక్కడి నుంచి బయటికి వచ్చి, నెల లెక్కన డబ్బు కట్టించుకొని రోజూ వచ్చేవాళ్ళకు ఇంటి వంట వంటిది పెట్టే చోటుకు మెస్ అనే పేరు స్థిరపడింది. హోటల్ అంటే ఎవరైనా వచ్చి పోయే చోటు, మెస్ అంటే రోజూ వచ్చేవాళ్ళది. బోర్డులు రాయించుకునే వాళ్ళందరూ ఈ తేడాను పాటించకపోవచ్చు గానీ, తినేవాళ్ళకు అది బాగా తెలుసు.

మరి గలీజు అనే అర్థం ఎక్కడ తగులుకుంది? వంటకం అనే అర్థంలో ఉన్న మాటను మొదట మెత్తగా, జారుగా ఉండే వంటకానికి ఎక్కువగా వాడసాగారు. పద్దెనిమిదో శతాబ్దంలో అది పశువులకు కలిపి పెట్టే దాణాకూ చేరింది. మనిషి పళ్ళెం నుంచి పశువుల తొట్టికి దిగిన మాటకు గౌరవం నిలవదు. పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలోనే అది చూడబుద్ధి కాని కలగలుపుకు, ఆ వెంటనే చిక్కుల్లో పడిన పరిస్థితికి, చిందరవందరగా ఉన్న గదికి పేరయింది. ఇప్పుడు ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న పిల్లవాడికి మెస్ అంటే ముందుగా తోచేది ఈ చివరి అర్థమే. తిండితో ముడిపడిన పాత అర్థం సైనికుల దగ్గరా, మన దగ్గరా మిగిలింది.

ఈ పతనం ఇంగ్లిషువాళ్ళ ప్రత్యేకత అనుకోవడానికి వీల్లేదు. మనకు కుడితి ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, మిగిలిన అన్నం, తౌడు కలిపి బర్రెలకు పెట్టే ఆ కుడితిలో పడ్డ ఎలుక అన్నామంటే, ఇంగ్లిషువాడు మెస్ అని చెప్పే ఇరకాటమే అది. ఇక కలగాపులగం అనే మాటను చూడండి. పెసరపప్పు, బియ్యం కలిపి వండే పులగం ఎంత సాత్త్వికమైన వంటకం! దాని పేరు ఆ మాటలో స్పష్టంగా వినబడుతూనే ఉంది, అయినా కలగాపులగం అంటే మనకు అన్నం గుర్తుకు రాదు, గందరగోళమే గుర్తుకు వస్తుంది. నాలుగు రకాల ఆకుకూరలు ఒకే గంపలో వేసిన కలగూరగంపదీ అదే గతి. మన భాషావేత్తలు దీనికి అర్థాపకర్ష అని చక్కని పేరు పెట్టారు. ఒకప్పుడు సువాసనకు కూడా చెల్లిన కంపు అనే మాట ఇప్పుడు ముక్కు మూసుకోవలసిన వాసనకే పరిమితం కావడాన్ని వాళ్ళు తరచూ ఉదాహరణగా చూపిస్తారు. వంటకాల విషయంలో నాకు తోచేది ఏమంటే, ఇంగ్లిషుకూ తెలుగుకూ కూడా విడివిడిగా ఉన్న పదార్థం మీద ఉన్న గౌరవం కలిపిన పదార్థం మీద లేదు. బిసిబేళా అన్నం మీద నాకు మొదటి నుంచీ ఉన్న అయిష్టం వల్ల కూడా నేను ఇలా అంటూ ఉండవచ్చు.

క్రియగా వాడినప్పుడు ఈ మార్పు ఇంకా వింతగా ఉంటుంది. ఒకడితో మెస్ చేయడం అంటే ఒకప్పుడు వాడితో కలిసి ఒక బల్ల దగ్గర తినడం. సైనికులు ఇప్పటికీ ఆ అర్థంలో వాడతారు. వీధిలో మాట్లాడే ఇంగ్లిషులో మాత్రం అది ఒకడి జోలికి పోవడం, కయ్యానికి కాలు దువ్వడం. మా విద్యార్థులు ఫోన్లలో చూసే వీడియోల్లో తరచుగా వినిపించే ‘హాట్ మెస్’ అనే మాట కూడా, ఇప్పుడు పూర్తిగా ఆగమాగమైన మనిషిని చెబుతుంది గానీ, పందొమ్మిదో శతాబ్దంలో వేడివేడి భోజనానికే చెల్లేది. ఆ పాత అర్థంలో మేడ మీది మెస్ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా నిజంగా హాట్ మెస్. రెండు దాటితే అన్నం చల్లారుతుంది, వేపుడు గిన్నె అడుగు కనిపిస్తుంది.

పరీక్షకు చదివే పిల్లలకు ఒక మాట మూలం కంటే దాని బంధువులు ఎక్కువ పనికి వస్తారు కాబట్టి, ఆ తరువాతి వారం అదే బల్ల దగ్గర మిత్తెరె కుటుంబాన్ని వరుస పెట్టి చెప్పాను. పంపిన మాట మెసేజ్, పంపిన మనుషుల పని మిషన్, విసిరి పంపే ఆయుధం మిసైల్, లోపలికి పంపితే అడ్మిషన్, పోనిస్తే పర్మిట్. వైన్‌షాపు పక్కన ఉండే పర్మిట్ రూమ్, ఈ పిల్లలు నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసే పబ్లిక్ సర్వీస్ కమిషన్, క్యాథలిక్కుల మాస్ పూజ కూడా మా మెస్‌కు దూరపు చుట్టాలే. ఆ పూజకు ఆ పేరు, చివరలో సభను పంపివేస్తూ లాటిన్‌లో చెప్పే ‘ఇతె, మిస్స ఎస్త్’ అనే వాక్యం నుంచి వచ్చింది. అయితే చుట్టరికం కలుపుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. కుట్టు మిషన్‌లోని మిషన్ ఈ కుటుంబానిది కాదు. అది గ్రీకు మూలం ఉన్న మెషీన్, మన నోట్లో పడి మిషన్ అయింది. మిస్డ్ కాల్‌లోని మిస్‌కు కూడా సంబంధం లేదు, అది ఇంగ్లిషు సొంత పాత మాట. టీచరమ్మను పిలిచే మిస్ వేరు, అది మిస్ట్రెస్ కుదించుకుపోగా మిగిలిన ముక్క.

చుట్టరికాల మాట వచ్చింది గనుక నీళ్ళ సంగతి ఇక్కడే చెబుతాను. బల్ల మీద రెండు జగ్గులు ఉంటాయి, ఒకటి వాటర్ ప్లాంటు నుంచి వచ్చే క్యాన్ నీళ్ళది, మరొకటి కుళాయిది. నల్లగొండ జిల్లాలో నీళ్ళ గురించి అడగకుండా ఎవరూ తాగరు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన తరాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి ఈ జిల్లా పేరే స్థిరపడి ‘నల్గొండ టెక్నిక్’ అనే మాట ఇంగ్లిషు శాస్త్రగ్రంథాల్లోకి ఎక్కింది. మనం ఇంగ్లిషు నుంచి మెస్ తెచ్చుకున్నందుకు వాళ్ళకు మనం ఇచ్చింది ఇది. కుళాయిలో వచ్చేది మిషన్ భగీరథ నీళ్ళని, వంటకు కూడా అవే వాడతామని యజమానురాలు చెప్పింది. అంటే మిషన్ నీళ్ళతో మెస్ వంట, రెండు మాటలకూ తల్లి ఒక్కతే. నేను ఎనిమిది నెలలుగా కుళాయి జగ్గులోవే తాగుతున్నాను.

మెస్ అనే మాట రాకముందు మనం ఏమనేవాళ్ళం అని ఆ బ్యాంకు ఉద్యోగి అడిగాడు. పూటకూళ్ళ ఇల్లు అనేవాళ్ళం. కాకతీయుల ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో ఒక్క రూకకు సుష్టుగా భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. ఆ మాటలోని పూట గురించి ఒక విశేషం ఉంది. పూట అంటే పగటిలో ఒక భాగం, ఆ వేళకు తినే తిండి కూడా పూటే. ‘మీల్స్ రెడీ’ అని బోర్డుల మీద మనం రాసే మీల్ అనే ఇంగ్లిషు మాటకు కూడా పాత ఇంగ్లిషులో కొలత, నిర్ణీత సమయం అనే అర్థాలు ఉండేవి. ఆ సమయానికి తినేది తరువాత మీల్ అయింది. రెండు భాషలకూ వేళ నుంచే తిండికి పేరు వచ్చింది. ఇక కూడు అనే రెండో ముక్క మెస్ కన్నా ముందే దిగజారింది. దండగ కూడు అని తిట్టడానికే దానిని ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు, బోర్డు మీద రాసుకొనే ధైర్యం అసలే లేదు. బహుశా అందుకే ఆ ఖాళీలోకి మెస్ వచ్చి కూర్చుంది.

ఇంతవరకు చదివి ఈ మెస్‌లో లోపం లేదనుకోవద్దు. ఆదివారం ఒకటి ఉంది. ఆ రోజు బగారా అన్నం, కోడి కూర, కావాలన్న వాళ్ళకు మటన్ పెడతారు. పల్లెల నుంచి బజారుకు వచ్చిన వాళ్ళు, పార్సిళ్ళ కోసం వచ్చిన వాళ్ళు, టోకెన్లు ఉన్న మేము, అందరం ఒకే ఇనుప మెట్ల మీద కలుసుకుంటాం. టోకెన్లు ఉన్నవాళ్ళకు ముందు చోటు ఇస్తామన్న మాట ఆ ఒక్క రోజూ గాలికి పోతుంది. ఒకసారి నలభై నిమిషాలు నిలబడి, చివరకు కూర్చుంటే, కోడి కూర అయిపోయిందని చెప్పి, శనివారం మిగిలిన పప్పును చింతపండు పోసి మరిగించి సాంబారు అని పెట్టారు. పులిసిన పప్పు ఎంత పులుసులో ఉన్నా దాగదు. బగారాలో లవంగాలు తప్ప మసాలా జాడ లేదు. ఎవరు అడిగిన కూర ఎవరి పళ్ళెంలో పడిందో తెలియక వడ్డించే అబ్బాయి అయోమయంలో నిలబడితే, ఎదురుగా కూర్చున్న మా మోడల్ పేపర్ విద్యార్థి, ‘‘సార్, ఇయ్యాల పరీక్షల ఇచ్చిన జవాబే కరెక్ట్’’ అన్నాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది గానీ, ఫిర్యాదు చేయకుండా ఉండలేదు. మరుసటి రోజు పెద్దమనిషి ఆ పూట టోకెన్ వెనక్కి ఇచ్చాడు, యజమానురాలు మాత్రం వారం రోజులు ముభావంగా ఉంది. అప్పటి నుంచి ఆదివారాల రద్దీ తగ్గిందని చెప్పలేను. నేను ఆదివారం వెళ్ళడం మానేశాను.

రాత్రి భోజనం మధ్యాహ్నం అంత బాగుండదు. చపాతీలు ముందే కాల్చి పెడతారు కాబట్టి ఎనిమిదింటికి వెళ్తే మెత్తగా, తొమ్మిదింటికి వెళ్తే అట్ట ముక్కల్లా ఉంటాయి. జొన్న రొట్టెలు బుధవారం ఒక్క రోజే. అవి అడిగినప్పుడు చేసి వేడిగా ఇస్తారు, పక్కన పచ్చి ఉల్లిగడ్డ, పల్లీల పొడి పెడతారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు ఆ ఇనుప మెట్లు ఎక్కడం కష్టం. అలాంటి వాళ్ళు కింద నుంచే పిలిస్తే క్యారియర్ తెచ్చి ఇస్తారు, పార్సిల్‌కు పది రూపాయలు అదనం. చేతులు కడుక్కునే చోట సబ్బు అరుదుగా ఉంటుంది. నేల మాత్రం ప్రతి పంక్తికీ తుడుస్తారు, గలీజు అనే నింద పడిన తరువాత ఇంకా ఎక్కువగా తుడుస్తున్నారేమో అనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనం తొంభై రూపాయలు, అన్నం ఎంత అడిగితే అంత. అరవై టోకెన్ల నెల పుస్తకం నాలుగు వేల రెండు వందలు. వాడని టోకెన్లు తరువాతి నెలకు చెల్లుతాయి, ఆ తరువాత చెల్లవు. టోకెన్ మీద కూడా ‘మెస్’ అన్న మాట ఒక్కటే అచ్చు వేయించారు. కొత్తగా వచ్చేవాళ్ళు మంగళవారమో శుక్రవారమో పన్నెండున్నరకు ముందే మెట్లు ఎక్కి, ముగ్గురు కూర్చున్న బల్ల ఏదైనా ఉంటే నాలుగో కుర్చీలో కూర్చోవడం మంచిది. పచ్చి పులుసు రెండోసారి అడిగితే కాదనరు.